గోడకెక్కిన ఇంగ్లీషు కాగితం

పోయిన వారం అసిరయ్యని మనం నూకాలమ్మపేట ఇసుకలో, పసుపు రంగు పూసిన సర్వే రాయి పక్కన వదిలేశాం. తెప్పలు ఒడ్డుకి లాగి పెట్టుకునే చోట, వలలు ఆరేసుకునే చోట అలాంటి రాళ్లు పదకొండు పాతారు. పడవలు ఆగే జెట్టీ కట్టడానికే ఆ రాళ్లు వేశారని ఊరంతా సంబరపడుతోంది. సర్వేయరు మాత్రం "జెట్టీయా? ఎవరు చెప్పారయ్యా మీకు?" అని నవ్వి జీపెక్కేశాడు. ఎవరు చెప్పారో అసిరయ్యకి తెలుసు. చెప్పింది తనే.

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవారికి రెండు ముక్కలు చెప్పాలి. విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో 'ది చంపావతి మెయిల్' అని నూరేళ్ల ఇంగ్లీషు దినపత్రిక ఒకటుంది. దాన్లో అసిరయ్య ముప్పై ఆరేళ్లుగా కాపీ హోల్డరు. అంటే అసలు కాగితం చేతిలో పట్టుకుని ఒక్కో మాటా, ఒక్కో అంకే, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి. ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్లు అచ్చు కాగితం మీద దాన్ని సరిచూసుకుంటూ టిక్కు పెట్టుకుంటారు. ఇంతే ఉద్యోగం. ఊళ్లో మాత్రం ఆయన ఇంగిలీసు అసిరయ్య. బ్యాంకు కాగితమొచ్చినా, ఆసుపత్రి చీటీ ఇచ్చినా, దుబాయి వెళ్లినవాడి వీసా వచ్చినా నూకాలమ్మపేట ఆడవాళ్లు ఆయన గుమ్మంలోకే తెచ్చేవారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని గడగడా చదివేవాడు. తర్వాత మెల్లిగా, నలుగురినీ ఆరా తీసి, అర్థం ఇదై ఉంటుందని చెప్పేవాడు. చాలాసార్లు అదే అయ్యేది కూడా. ఒక మనిషి పేరు నిలబడిపోవడానికి చాలాసార్లు సరిపోతే చాలు కదా.

ఇక శుక్రవారం సంగతి.

కార్తీకమాసం కావడంతో పట్నంలో చేపలు అడిగే నాథుడు లేడు. లేకపోతే చేపలమ్ముకునే అసిరయ్య అక్క గున్నమ్మ ఆ వేళప్పుడు మెయిల్ ఆఫీసు మెట్లెక్కేది కాదు. పన్నెండు దాటింది. లోపల అసిరయ్య, అనూరాధ ఎదురెదురుగా కూర్చుని మర్నాటి సర్కారు నోటీసులు సరిచూస్తున్నారు. అనూరాధ పత్రిక పెట్టిన జగన్నాధం పంతులుగారికి మునిమనవరాలు, పోయిన సంపాదకులు భాస్కరరావుగారికి ఒక్కగానొక్క కూతురు. నలభై ఆరేళ్ల మనిషి, పొద్దున్నించీ మొహం వెలిగిపోతోంది. ఆ రోజే నూరేళ్ల ప్రత్యేక సంచిక బయటికొచ్చింది. ఎనిమిది పేజీల్లో పత్రిక చరిత్రంతా ఆవిడే రాసింది.

"ఐటెమ్ త్రీ. క్యాపిటల్ ఎస్, యు, ఆర్, వి, ఇ, వై. నంబర్. వన్ ఫోర్ సెవెన్ ఓబ్లిక్ టూ. కామా," అని చదువుతున్నాడు అసిరయ్య. గొంతు మంచి గొంతు. గుడిలో మైకిచ్చినా నప్పుతుంది.

"ఊఁ," అంది అనూరాధ టిక్కు పెడుతూ.

గుమ్మంలో నీడ పడింది. ముందు గున్నమ్మ, వెనక ఆవిడ మనవరాలు యమున. యమున విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఇద్దరూ చెరో వైపూ పట్టుకుని పాత చీరలో చుట్టిన పలకలాంటిదేదో మోసుకొచ్చారు. ఆ చీర అంచుకి కుంకుమ అంటుకుని ఉంది.

అసిరయ్య నోట్లో కామా నోట్లోనే ఉండిపోయింది. చీర చూడగానే లోపలున్నదేమిటో ఆయనకి అర్థమైపోయింది.

"అప్పా! నువ్వెందుకొచ్చినావు? ఫోను సేత్తే నానే వద్దును గదా," అన్నాడు లేచి నిలబడుతూ.

"నువ్వొస్తే నువ్వే సదువుతావురా. అందుకే నానొచ్చినాను," అంది గున్నమ్మ. ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్దది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకు పెంచింది. చేపల గంప మోసీ మోసీ నడినెత్తిన జుట్టు లేదు, మెడ మాత్రం ఇప్పటికీ నిట్టనిలువుగా ఉంటుంది.

గున్నమ్మ చీర విప్పింది. లోపల ప్లాస్టిక్ పొర అంటించిన మెయిల్ పేజీ. పైన పత్రిక పేరు, దాని కింద పేజీకి సగం మేర నోటీసు. నాలుగు మూలలా గంధం, కుంకుమ బొట్లు, పైన ఎండిపోయిన బంతిపూల దండ. రెండు నెలల క్రితం ఆ పేజీని సంచిలో పెట్టుకుని ఊరికి తీసుకెళ్లింది అసిరయ్య. ఫోర్ట్ జంక్షన్ దగ్గర జెరాక్సు షాపులో ప్లాస్టిక్ వేయించిందీ ఆయనే. 'మన ఊరి పేరు ఇంగిలీసు పేపర్లో పడ్డాది' అని ఆయన రామమందిరం అరుగు మీద నిలబడి చెప్తే, పేట పేటంతా చప్పట్లు కొట్టింది. ఊరి పేరు ఆయన గుర్తుపట్టాడు. కలెక్టరు అనే మాట గుర్తుపట్టాడు. ల్యాండ్ అనే మాట గుర్తుపట్టాడు. జెట్టీ కావాలని పద్నాలుగేళ్లుగా అర్జీలు పెడుతున్న ఊరు కదా, ఆ మూడు మాటలూ కలిపి ఆయన జెట్టీ కట్టేశాడు. ఆ సాయంత్రమే పేజీ రామమందిరం గోడకెక్కింది. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు దానికి బొట్టు పెట్టి పనిలోకి పోయేవారు.

"పాపగారూ, నాను సదువుకోలేదు. దీన్లో ఏటున్నాదో మీ నోటితో సెప్పండి. మా తమ్ముడు సెప్పినాడు గానీ, మల్లీ ఇనాలనిపించినాది," అంది గున్నమ్మ.

అనూరాధ పేజీని బల్ల మీద పరుచుకుని చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే పొద్దున్నించీ ఉన్న వెలుగు మొహంలోంచి దిగిపోయింది. ఓసారి అసిరయ్య వైపు చూసింది. మళ్లీ కాగితం వైపు చూసింది.

"ఇది... మీ ఊరే కదా?" అంది.

"మా ఊరేనమ్మా," అన్నాడు అసిరయ్య.

"మరి మీకు తెలుసు కదా?"

అసిరయ్య చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశాడు. కాళ్ల కింద గచ్చు వైపు చూస్తూ నిలబడ్డాడు. అరవై రెండేళ్ల మనిషి, బడిలో లెక్క తప్పిన పిల్లాడిలా అయిపోయాడు.

"సెప్పండమ్మా," అంది గున్నమ్మ.

చెప్పక తప్పలేదు. అనూరాధ నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ చెప్పింది. నూకాలమ్మపేట తీరం, సర్వే నంబర్లు ఇన్ని, విస్తీర్ణం నలభై రెండు ఎకరాలు. విమానాశ్రయం వైపు వెళ్లే సరుకుకి గోదాములు కట్టడం కోసం ప్రభుత్వం తీసుకుంటోంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే, ఈ ప్రకటన వచ్చిన రోజు నుంచి అరవై రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే అభ్యంతరం లేనట్టే.

"తీసుకోడమంటే?" అంది గున్నమ్మ.

"తీసుకోవడమే, గున్నమ్మా. మీ రేవు. తెప్పలు పెట్టుకునే చోటు, వలలు ఆరేసుకునే చోటు, ఆ వెనక రెండు వీధులు."

"మా ఇల్లున్న ఈధా?"

అనూరాధ నంబర్లు మళ్లీ చూసి తలూపింది.

గున్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. బెంచీ మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని అడిగింది. "అరవై రోజులు ఎప్పటికైనాయి?"

"సోమవారంతో అయిపోయాయి."

ఈ రోజు శుక్రవారం. లెక్కపెట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాలుగు రోజులు. గడువు ఉన్నన్నాళ్లూ ఆ కాగితం రామమందిరం గోడ మీదే ఉంది. రోజూ బొట్టు పెట్టించుకుంటూ, చదవడం వచ్చినవాడి కోసం ఎదురుచూస్తూ ఉంది.

"తెలుగులో కూడా వెయ్యాలి కదండీ?" అంది యమున. ఆ పిల్ల అప్పటిదాకా నోరు విప్పలేదు.

"వేశారమ్మా. విశాఖపట్నంలో అచ్చయ్యే చిన్న పత్రికలో. మన జిల్లాలో దాన్ని నేనే ఎప్పుడూ చూళ్లేదు. పంచాయతీ ఆఫీసులో కూడా అంటించే ఉంటారు."

పంచాయతీ ఆఫీసు పేటకి నాలుగు కిలోమీటర్లు. మగాళ్లంతా ఆగస్టులోనే చేపల వేటకి గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదకి వెళ్లిపోయారు, ఇక మే నెలకే రావడం. అక్కడికెళ్లి బోర్డు చూసేదెవరు? చూడాల్సిన అవసరం మాత్రం ఏముంది, ఊళ్లో ఇంగిలీసు అసిరయ్య ఉండగా.

"నానడిగినాను," అంది యమున. తాతని చూడకుండా, గోడకేసి చూస్తూ అంది. "వినాయకచవితి ఎల్లిన వారం. తాతా, ఎక్వైర్ అంటే తీసుకోడం గదా, ఇదేదో మన భూమి తీసుకుంటామన్నట్టున్నాది అని అడిగినాను. నీది బడి ఇంగిలీసు, ఇది ఆపీసు ఇంగిలీసు, నోరు మూసుకోమన్నాడు. అందరూ నవ్వినారు. నాకూ సిగ్గేసినాది. మల్లీ అడగలేదు."

అసిరయ్యకి ఆ రోజు గుర్తుంది. నవ్వినవాళ్లలో అందరికంటే గట్టిగా నవ్వింది తనే. ఆ రాత్రి పడుకున్నాక ఎక్వైర్ అన్న మాట పదే పదే పలుక్కున్న సంగతీ గుర్తుంది. పొద్దున్నే ఆఫీసుకి వచ్చి పాపగారిని ఒక్క మాట అడిగేస్తే పోయేది. అడగడమంటే తనకి రాదని ఒప్పుకోవడమే. అడగలేదు.

"అసిరయ్య గారూ," అంది అనూరాధ. గొంతులో కోపం లేదు, అంతకంటే చెడ్డదేదో ఉంది. "మీరే కదా ఈ నోటీసు నాకు చదివి వినిపించారు. మీ నోటితోనే విన్నాను. మీ ఊరని నాకు తట్టలేదు. అంకెలు చూసుకున్నాను, టిక్కు పెట్టాను. మీకు తెలియకుండా ఎలా..."

"మీరు టిక్కు పెట్టినారు గదమ్మా. సెడ్డదైతే పాపగారు సెప్పరేటి అనుకున్నాను."

"మీరే చదివారు, మీకు తెలుసులే అనుకున్నాను నేను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముప్పై ఆరేళ్లు ఒకే బల్లకి అటూ ఇటూ జరిగిన పని అది. ఆవిడ కాకపోతే ఆవిడ తండ్రి. ఒకరు చదివారు, ఒకరు టిక్కు పెట్టారు. ఏముందో ఎవరూ చూడలేదు.

"నాకు ఇంగిలీసు రాదమ్మా," అన్నాడు అసిరయ్య.

ఆ మాట అంత సులువుగా వస్తుందని ఆయనే అనుకోలేదు. వచ్చాక ఇక ఆగలేదు.

"అచ్చరాలొచ్చు. మాట పలకడం వొచ్చు. అర్థం రాదు. బస్సు, ఆసుపత్రి, కలెక్టరు, అలాటియి ఒక వంద తెలుసు. ఇంకేటీ తెలీదు. మీ నాన్నగారు బాబుగారికి తెలుసు ఈ సంగతి. తెలిసే పెట్టుకున్నారు. 'అర్థం తెలిసినవాడి కన్ను జారిపోతుందిరా, తప్పున్నా ఒప్పు చదివేస్తాడు. నీకు తెలీదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చదువుతావు' అనేవోరు. నాకు పెళ్లయిన కొత్తలో రాత్రి బడికి పోయి నేర్చుకుంటానని అడిగినాను. 'వద్దు అసిరయ్యా, పాడైపోతావు, నీ అంత కాపీ హోల్డరు మెడ్రాసులో కూడా లేడు' అన్నారు. పెద్దాయన పొగిడినారు గదా అని సంబరపడిపోనాను. మరింక నేర్చుకోలేదు."

అనూరాధ చేతులు బల్ల మీదే ఉండిపోయాయి. ఆవిడ రాసిన నూరేళ్ల చరిత్రలో ఐదో పేజీ మొత్తం నాన్నగారి గురించే. ఆయన పత్రికలో ఒక్క అచ్చుతప్పు కూడా ఉండేది కాదని గొప్పగా రాసుకుంది. ఎందుకు ఉండేది కాదో ఇప్పుడు తెలిసింది.

గున్నమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "మా ఆయన పోయినప్పుడు ఆసుపత్రోళ్లు ఇచ్చిన కాగితం నువ్వే సదివినావురా. గుండె ఆగినాదని సెప్పినావు."

"అది... డాట్రుని అడిగి సెప్పినానప్పా."

"నిజమేనా?"

"నూకాలమ్మ సాచ్చిగా నిజం."

"అయితే మంచిదే," అంది గున్నమ్మ. అని కళ్లు మూసుకుంది. అసిరయ్యకి చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది. అప్ప ఇక ఏ కాగితాన్నీ నమ్మదని, తను చదివిన ప్రతిదాన్నీ ఇప్పుడు వెనక్కి తిరిగి తవ్వుకుంటుందని ఆయనకి తెలిసిపోయింది. ఒక్క ఆవిడేనా, పేట పేటంతా తవ్వుకుంటుంది.

కాసేపటికి గున్నమ్మ కళ్లు తెరిచి అనూరాధని అడిగింది. "దారేటైనా ఉన్నాదా?"

అనూరాధ లేచింది. కిటికీ దగ్గరకి వెళ్లింది, వెనక్కి వచ్చింది. గోడ మీద జగన్నాధం పంతులుగారి ఫొటో ఉంది. ఆయన కథ ఆ పొద్దున్న వచ్చిన సంచికలో మొదటి పేజీలోనే ఉంది. పత్రిక పెట్టిన మొదటి ఏడు, ఉప్పు శాఖవాళ్లు తీరానికి కంచె వేసి తెప్పలు దిగనివ్వకపోతే, రేవులన్నీ తిరిగి బెస్తవాళ్ల మొర విని ఇంగ్లీషులో రాసి అచ్చేశారట. దొరలకి తెలుగులో మొత్తుకుంటే వినపడదు కాబట్టి వాళ్ల భాషలోనే మొత్తుకోవాలన్నారట. నెల తిరక్కుండా కంచె తీసేశారు. అప్పటి రేవుల జాబితాలో నూకాలమ్మపేట కూడా ఉంది. ఆ వాక్యం రాసేటప్పుడు అనూరాధకి కళ్లు చెమర్చాయి.

"ఒక్కటే ఉంది," అంది చివరికి. "ఇది రోజూ వచ్చే పత్రికని, తీరమంతా తిరుగుతుందని కాగితాల మీద ఉంది. అది చూసే సర్కారు మాకు నోటీసులిస్తుంది. నిజం మీ తమ్ముడికి తెలుసు. నోటీసులున్న రోజే అచ్చేస్తాం. వేసేవి పాతిక కాపీలు. ఆఫీసులకి సాక్ష్యానికి కొన్ని, ఫైలుకి కొన్ని. మీ వైపు ఒక్క కాపీ కూడా రాదు. ఆ మాట నేను రాసి సంతకం పెట్టి ఇస్తాను. ప్రకటన మీకు అందలేదని హైకోర్టులో అడగొచ్చు. గడువు మళ్లీ ఇమ్మని అడగొచ్చు."

"రాసిస్తే మీకేటవుతాది?" అన్నాడు అసిరయ్య.

"పత్రిక పోతుంది," అంది అనూరాధ. నూరేళ్లు నిండిన రోజునే. "పోనీండి. ఎవరు చదువుతున్నారు గనక."

అసిరయ్య చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆవిడ కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. నాలుగు వరసలు రాసింది. ఐదో వరసలో కలం ఆగిపోయింది.

ఆవిడ చూపు బల్ల మీదున్న ప్లాస్టిక్ పేజీ మీదకి వెళ్లింది. గంధం బొట్లు, ఎండిన దండ.

"ఒక్క కాపీ వచ్చింది కదా మీ ఊరికి," అంది మెల్లిగా.

పత్రిక పాతిక కాపీల్లో ఒకే ఒక్కటి తీరం చేరింది. అది అసిరయ్య సంచిలో ఎక్కి చేరింది. రెండు నెలలు ఊరి నడిమధ్యన, అందరి కళ్లెదురుగా, పూలదండ వేయించుకుని ఉంది. అందలేదని ఎలా అంటారు?

"దీన్ని ఎవరు సూసినారు? మనమే గదా," అంది గున్నమ్మ. లేచి ఆ పేజీ అందుకుంది. చింపబోయింది. చిరగలేదు. మళ్లీ బలం పట్టి గుంజింది. ప్లాస్టిక్ కొంచెం వంగి తెల్లగా గీత పడింది, అంతే. పంటితో పట్టి లాగింది. మెత్తగా జారిపోయింది. వానకి తడవకూడదని, ఎండకి వెలవకూడదని, పదికాలాలు ఉండాలని మందపాటిది అడిగి మరీ వేయించాడు అసిరయ్య.

"కత్తెరుందా?" అంది గున్నమ్మ రొప్పుతూ.

"మామ్మా, ఆగు," అంది యమున. "తాతా... ఆ ఫొటో."

అసిరయ్య చెయ్యి చొక్కా జేబు మీదకి వెళ్లింది.

పోయిన నెల యమున ఫోనులో తీసిన ఫొటో అది. రామమందిరం గోడ మీద మెయిల్ పేజీ, దాని కింద పేట ఆడవాళ్లు ముప్పై మంది, ముందు వరసలో గున్నమ్మ, పక్కన పేజీ మీద చెయ్యి వేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, నవ్వుతూ అసిరయ్య. నూరేళ్ల సంచికకి ఊరి నుంచి ఏదైనా ఇమ్మని అనూరాధ అడిగితే, ఆయనే మురిసిపోతూ తెచ్చి ఇచ్చాడు. ఆవిడ పైనున్న పత్రిక పేరే చూసింది గానీ కింద నోటీసు చూడలేదు. ఉప్పు కంచె కథ పక్కనే, మొదటి పేజీలో వేసింది. నూరేళ్ల తర్వాత కూడా ఈ పత్రికని గుండెలకి హత్తుకున్న తీరం అని కింద ఇంగ్లీషులో రాసింది.

"సంచిక ఇంకా ఎవరికీ పంపలేదు కదూ?" అంది అనూరాధ. జవాబు తనకే తెలుసు. అయినా అడిగింది.

అసిరయ్య చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. మడత పెట్టిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఆరేళ్లుగా పత్రిక వచ్చిన ప్రతి రోజూ పొద్దున్నే ఆయన చేసే మొదటి పని అది. తడి ఆరని కాపీలు తీసుకెళ్లి ప్రభుత్వ ఆఫీసుల్లో ఇచ్చి, ముద్ర వేయించుకుని రావడం. ఒక్క రోజు తప్పలేదు. ఈ పొద్దున్న ఇంకాస్త ముందే బయల్దేరాడు. తన ఫొటో ఉంది కదా. భూసేకరణ ఆఫీసులో గుమస్తాకి పేజీ తిప్పి మరీ చూపించాడు, "ఇది నానే" అని.

చీటీ మీద ముద్ర స్పష్టంగా పడింది. పది గంటల ఐదు నిమిషాలు.

"సూపించినావా?" అంది గున్నమ్మ.

"సూపించినాను."

గున్నమ్మ బెంచీ మీద కూలబడింది. నోట్లో కొంగు కుక్కుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. గొంతు బయటికి రాకుండా, భుజాలు మాత్రం ఎగిరెగిరిపడుతూ ఏడ్చింది. యమున పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. అసిరయ్య అప్ప దగ్గరకి వెళ్లబోయి, సగంలో ఆగిపోయాడు. తనని ముట్టుకోనిస్తుందన్న నమ్మకం ఆయనకి లేదు.

బల్ల మీద అనూరాధ ఫోను మోగింది. నంబరు చూసి ఆవిడ ఓ క్షణం తటపటాయించింది. తర్వాత అందరికీ వినపడేలా పెట్టి పలికింది.

"నమస్కారమమ్మా, భూసేకరణ ఆఫీసు నించి," అంది అవతలి గొంతు. మర్యాదగానే ఉంది, హుషారుగా కూడా ఉంది. "మీ సంచిక చూశాం. చాలా బాగుంది. మా సారుకి ఆ ఫొటో మరీ నచ్చింది. నోటీసు మీద చెయ్యి వేసి నిలబడ్డ పెద్దాయన మీ ఆఫీసు మనిషేనట కదా. నూకాలమ్మపేట నించి అభ్యంతరాలేవీ రాలేదు, ఫైలు పైకి పంపేస్తున్నాం. ఊళ్లో అందరికీ నోటీసు సంగతి తెలుసు అని ఆయన చేత ఒక కాగితం రాయించుకుంటే పక్కాగా ఉంటుందంటున్నారు సారు. రేపు పదిన్నరకి పంపండమ్మా. చదివి సంతకం పెడితే చాలు. కాగితం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆయనకేం, ఇంగ్లీషు బాగా వచ్చునట కదా. పొద్దున్న ఆయనే చెప్పారు."

"ఎల్తావేటిరా?" అంది గున్నమ్మ, కొంగు నోట్లోంచి తీసి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎల్లి ఏటి సెప్తావు? ఊరందరికీ సదివి ఇనిపించినానని సెప్తావా? ముప్పై ఆరేళ్లూ మమ్మల్ని మోసం సేసినానని సెప్తావా?"

"హలో?" అంది ఫోను. "ఆయన పక్కనే ఉన్నారా అమ్మా? ఉంటే ఓసారి ఇవ్వండి. నేనే మాట్లాడతాను."

అనూరాధ సగం రాసిన కాగితాన్ని పక్కకి జరిపి, ఫోను అసిరయ్య ముందుకి చాపింది.

అసిరయ్య అందుకున్నాడు. ఆ బల్ల ముందు ముప్పై ఆరేళ్లు కూర్చుని, ఎవరో రాసినదాన్ని ఉన్నది ఉన్నట్టు చదవడమే ఆయనకి తెలుసు. ఇప్పుడు చదవడానికి ఎదురుగా కాగితం లేదు.